ఉచిత వైద్యం ఎక్కడిదాకా వెళ్తుంది? మలావీలోని నెనో జిల్లాలో ఆరోగ్య వ్యవస్థ నడిచే తీరు

సంక్షిప్తంగా: ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మలావీలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యానికి రుసుము లేదు. అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 1992లో ప్రతి వెయ్యి జననాలకు 234 ఉండగా 2015–16 సర్వే నాటికి 63కి తగ్గాయి. టీకాలు, దోమతెరలు, డాక్టరు పనిని కిందిస్థాయి సిబ్బందికి అప్పగించిన విధానం కలిసి తెచ్చిన ఫలితం ఇది. నెలలోపు పసికందుల మరణాలు మాత్రం 2004 నుంచి 2015–16 దాకా దాదాపు కదలలేదు. కారణం వెతుకుతూ వెళ్తే మందుల గది, అంబులెన్సు డీజిలు, కరెంటు తీగ దగ్గరికి చేరతాం.

ఆఫ్రికా గ్రామీణ ఆరోగ్యం అనగానే రెండు బొమ్మలు కనబడతాయి. ఒకటి, చెట్టు కింద ఖాళీ చేతులతో కూర్చున్న రోగులు. రెండోది, విదేశీ సంస్థ కట్టించిన మెరిసే ఆసుపత్రి. 2025లో అమెరికా సాయం చాలావరకు ఆగిపోయిన తర్వాత ఈ రెండు బొమ్మలే వార్తల్లో తిరుగుతున్నాయి. వీటి మధ్య ఒక జిల్లా ఆరోగ్య శాఖ ఏటా లెక్కలు వేసి, జీతాలిచ్చి, మందులు తెప్పించి నడిపే మామూలు వ్యవస్థ ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మలావీలోని నెనో మంచి ఉదాహరణ.

## జిల్లా, దాని మెట్లు

నెనో కొండల జిల్లా. ఒకవైపు మొజాంబిక్ సరిహద్దు, మరోవైపు షైర్ నది. 2003లో మ్వాంజా జిల్లా నుంచి విడదీశారు. 2018 జనాభా లెక్కల్లో 1,38,291 మంది. మన దగ్గర రెండు మూడు మండలాలంత జనాభా, కానీ వానలు మొదలైతే (నవంబరు నుంచి ఏప్రిల్ దాకా) కొన్ని ఊళ్లకు కాలిబాటే దిక్కు. జిల్లా కేంద్రాన్ని మలావీలో 'బోమా' అంటారు. నెనో బోమాలో జిల్లా ఆసుపత్రి, దిగువన లిసుంగ్విలో కమ్యూనిటీ ఆసుపత్రి, వీటికింద డజను పైచిలుకు ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడ సాధ్యం కాని కేసు బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రికి వెళ్లాలి. దేశం మొత్తానికి అలాంటి కేంద్ర ఆసుపత్రులు నాలుగే.

ఒక ఆరోగ్య కేంద్రం దాదాపు పది వేల మందికి అన్నది లెక్క. అక్కడ డాక్టరు ఉండరు. రెండేళ్ల శిక్షణ పొందిన మెడికల్ అసిస్టెంట్ ఓపీ చూస్తారు, నర్సు–మిడ్‌వైఫ్ టెక్నీషియన్ కాన్పులు చేస్తారు. చాలాచోట్ల ఇద్దరూ ఒక్కొక్కరే. నర్సు రాత్రి కాన్పు చేసి, పొద్దున గర్భిణుల క్లినిక్ నడిపి, మధ్యాహ్నం హెచ్‌ఐవి మందులు పంచుతుంది. ఆమె సెలవు పెడితే ఆ వారం కాన్పుల గదికి తాళమే.

రోగి చరిత్ర ఆసుపత్రి బీరువాలో ఉండదు. 'హెల్త్ పాస్‌పోర్ట్' అనే చిన్న పుస్తకంలో రాసి రోగి చేతికే ఇస్తారు. రోగి ఏ కేంద్రానికి వెళ్లినా పాత వైద్యం అక్కడివారికి తెలుస్తుంది. కాగితం ఖర్చు తక్కువ, కంప్యూటరు అక్కర్లేదు. పుస్తకం వానలో తడిసినా, ఎలుక కొట్టినా చరిత్ర పోయినట్టే. ఇంట్లో హెచ్‌ఐవి సంగతి దాచాలనుకునేవారు రెండు పుస్తకాలు పెట్టుకోవడమూ ఉంది. అప్పుడు ఒక మందు రాసేవారికి రెండో మందు కనబడదు.

## ఊళ్లో మందుపెట్టె

వ్యవస్థకు అసలు పునాది ఆరోగ్య కేంద్రం కన్నా కింద ఉంది. హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్, అందరూ అనేది 'హెచ్ఎస్ఏ'. 1960ల్లో మశూచి టీకాలు వేయడానికి, 1970ల్లో కలరా అదుపుకు పెట్టిన ఉద్యోగాలివి. ఆ రోగాల పని తగ్గినా మనుషులను తీసేయలేదు. వెయ్యి జనాభాకు ఒకరు ఉండాలన్నది లక్ష్యం. మన ఆశా కార్యకర్తకూ వీరికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, హెచ్ఎస్ఏ జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి. ఆడవారే ఉండాలన్న నియమమూ లేదు. శిక్షణ సుమారు 12 వారాలు.

2008 నుంచి, ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో వీరికి రోగం చూసి మందిచ్చే అధికారం కూడా వచ్చింది. దీనిని 'విలేజ్ క్లినిక్' అంటారు. ఒక చెక్క పెట్టె, ఒక టైమరు, ఒక కొలత పట్టీ, ఒక రిజిస్టరు ఉంటాయి. రెండు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు ముఖ్యంగా మూడు రోగాలకు చికిత్స: మలేరియా, న్యుమోనియా, విరేచనాలు.

న్యుమోనియా గుర్తించడానికి స్టెతస్కోపు వాడరు. పిల్ల చొక్కా ఎత్తి, టైమరు నొక్కి, పూర్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెడతారు. ఏడాదిలోపు పిల్లకు నిమిషానికి 50, ఏడాది దాటితే 40 చేరితే వేగంగా ఉన్నట్టు. అప్పుడు 250 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్ మాత్ర, నీళ్లలో కరిగేది, అయిదు రోజులు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు; ఏడాది దాటిన పిల్లకు పూటకు రెండు. ఛాతీ లోపలికి గుంట పడుతున్నా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా చికిత్స అక్కడ ఆపి ఆరోగ్య కేంద్రానికి పంపాలి.

తప్పు జరిగేది సాధారణంగా లెక్కపెట్టడంలోనే. ఏడుస్తున్న పిల్ల ఊపిరి వేగంగానే ఉంటుంది, పాలు తాగుతున్నప్పుడు లయ మారుతుంది. బయట ఇరవై మంది తల్లులు కూర్చుని ఉంటే అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలనిపిస్తుంది. చిన్నపిల్లల ఊపిరి ఒకే వేగంతో సాగదు కాబట్టి ఆ రెట్టింపులో అయిదారు అటూఇటూ అవుతాయి. గీత 50 దగ్గర ఉన్నప్పుడు ఆ అయిదారే మందు ఇవ్వడానికీ ఇవ్వకపోవడానికీ తేడా.

మలేరియాకు వేలి కొసన రక్తపు చుక్క తీసి కిట్ మీద వేస్తారు. ద్రావకం చుక్కలు కిట్ కంపెనీ చెప్పినన్నే వేయాలి, చెప్పినంతసేపు ఆగాకే చదవాలి. గంట తర్వాత చూస్తే లేని గీత కూడా కనబడవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎక్కువ వాడే కిట్లు పరాన్నజీవి విడిచే ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆ ప్రోటీన్ రోగం తగ్గాక కూడా కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. అందుకే గత నెలలో మందు వాడిన పిల్లకు ఈ నెల వేరే జ్వరం వచ్చినా కిట్ మలేరియా అనే చూపిస్తుంది. రిజిస్టరులో వెనక్కి చూసే అలవాటున్న హెచ్ఎస్ఏ దీన్ని పట్టుకుంటారు. మందు అందరూ 'ఎల్ఏ' అని పిలిచే ఆర్టిమెథర్–ల్యూమెఫాంట్రిన్. మూడు రోజులకు ఆరు మోతాదులు, మొదటిది వేసిన ఎనిమిది గంటలకు రెండోది. కొంచెం కొవ్వున్న ఆహారంతో వేస్తేనే బాగా ఒంటపడుతుంది. ఒట్టి మొక్కజొన్న జావ మాత్రమే ఉన్న ఇంట్లో ఆ సలహా ఎంత పాటిస్తారన్నది ఊహించవచ్చు.

విరేచనాలకు లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ పొట్లం, దానితో పాటు పది రోజులు జింక్. విరేచనం రెండో రోజుకే తగ్గితే ఇంట్లోవారు జింక్ అక్కడితో ఆపేస్తారు. మిగిలిన మాత్రలు తర్వాతి బిడ్డకు దాచిపెట్టడం మామూలే.

ఈ పనంతా హెచ్ఎస్ఏకు అదనం. టీకాల శిబిరం, పిల్లల తూకం, కుటుంబ నియంత్రణ ఇంజెక్షన్, బావిలో క్లోరిన్, మరుగుదొడ్ల తనిఖీ కూడా వీరివే. వెయ్యి మందికి ఒకరు అన్న లెక్క కాగితం మీదే, చాలాచోట్ల అది రెండు వేలకు చేరుతుంది. పైగా ఊళ్లో ఉండటానికి ఇల్లు లేక కొందరు బోమా దగ్గరో, రోడ్డు పక్క ఊళ్లోనో కాపురం ఉంటారు. అప్పుడు విలేజ్ క్లినిక్ వారంలో రెండు రోజులే తెరుచుకుంటుంది. పిల్లకు జ్వరం ఆ రోజులు చూసుకుని రాదు.

## డాక్టరు లేని ఆపరేషన్ గది

మలావీలో మొదటి వైద్య కళాశాల 1991లో బ్లాంటైర్‌లో మొదలైంది. అంతకుముందు విద్యార్థులను విదేశాలకు పంపితే చాలామంది తిరిగి రాలేదు. ఆ లోటులోంచి పుట్టినవారే క్లినికల్ ఆఫీసర్లు. మూడేళ్ల డిప్లొమా, ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ. జిల్లా ఆసుపత్రుల్లో సిజేరియన్లలో అత్యధిక భాగం వీరే చేస్తారు. ఫలితాలు డాక్టర్లు చేసిన ఆపరేషన్లతో పోల్చదగ్గవిగానే ఉన్నాయని అక్కడి అధ్యయనాలు చూపాయి. ఈ డిప్లొమాకు విదేశాల్లో గుర్తింపు లేదు కాబట్టి వీరు పెద్దగా వలస పోరు. బలహీనత అనుకున్నదే ఇక్కడ బలమైంది.

ఉన్న వనరుకు తగ్గట్టు నియమాన్నే మార్చుకోవడం మలావీకి అలవాటు. 2011లో హెచ్‌ఐవి ఉన్న గర్భిణులకు మందు ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించే సీడీ4 పరీక్ష యంత్రాలు పల్లెల్లో లేవు. యంత్రాలు వచ్చేదాకా ఆగకుండా, ఆ పరీక్షతో పని లేకుండా హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మందులు అన్నారు. 'ఆప్షన్ బి ప్లస్' పేరుతో మలావీ మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత ప్రపంచ విధానమైంది. 2019 నుంచి హెచ్‌ఐవి రోగుల్లో ఎక్కువమంది రోజుకొకటి వేసుకునే డొల్యుటెగ్రవిర్ మిశ్రమ మాత్రను అక్కడ '13ఏ' అంటారు. ఆఫ్రికాలో పంచే ఈ మాత్రల్లో పెద్ద భాగం భారతీయ కంపెనీలవి, వాటిలో కొన్ని హైదరాబాద్, విశాఖ పరిసరాల్లోవే. తెలుగు నేలకు ఇంకో లంకె కూడా ఉంది. బ్లాంటైర్‌లో పిల్లల మీద జరిగిన టైఫాయిడ్ టీకా ప్రయోగంలో వాడింది భారత్ బయోటెక్ వారి టైప్‌బార్ టీసీవీ. ఆ తరగతి టీకాను మలావీ 2023లో దేశమంతటా మొదలుపెట్టింది.

## మందులు ఎందుకు నిండుకుంటాయి

"మందులు లేవు" అన్న మాటకు ఊళ్లో వినబడే వివరణ దొంగతనం. అది లేదని కాదు, ప్రభుత్వ మందులు బజారులో దొరికిన కేసులు ఉన్నాయి. అయితే దొంగ ఒక్కడూ లేకపోయినా మందులు నిండుకునేలా ఈ లెక్కలోనే ఒక లోపం ఉంది.

ఆరోగ్య కేంద్రం ప్రతి నెలా మిగిలిన నిల్వ, వాడకం రాసి పంపుతుంది. గత నెలల సగటు వాడకాన్ని మూడుతో గుణించి, చేతిలో ఉన్నది తీసేస్తే తెప్పించాల్సిన పరిమాణం. ఒక కేంద్రానికి నిజంగా నెలకు 3,000 అమాక్సిసిలిన్ మాత్రలు కావాలనుకుందాం. మొదటి రెండు నెలలు 3,000 చొప్పున వాడారు. మూడో నెల సగంలో నిల్వ అయిపోయింది, వాడకం 1,500 అని నమోదైంది. సగటు 2,500. మూడు నెలల లెక్క 7,500. కావాల్సింది 9,000. కొరత వచ్చిన నెలను తక్కువ అవసరమున్న నెలగా పుస్తకం చదువుకుంది. పైనుంచి అడిగిన దాంట్లో సగమే వస్తే వచ్చే నెల నమోదయ్యే వాడకం మరింత పడిపోతుంది, దాని మీద కొత్త సగటు. ఇలా నాలుగైదు నెలల్లో కాగితం మీద ఆ ఊరికి న్యుమోనియాయే రానట్టు తయారవుతుంది.

దీనికి విరుగుడు తేలిక. మందు ఉన్న రోజులతోనే భాగించాలి: 1,500ను 15 రోజులతో భాగించి 30తో గుణిస్తే మళ్లీ 3,000. ఇది చేయాలంటే నిల్వ ఏ తేదీన సున్నా అయిందో స్టాక్ కార్డు మీద ఆ రోజే రాయాలి. మందుల గది చూసే మనిషి వేరే పనుల్లో ఉండి నెలాఖరున కార్డులన్నీ ఒక్కసారి నింపితే ఆ తేదీ దొరకదు.

హెచ్ఎస్ఏల స్థాయిలో దీన్ని సరిచేయడానికి 2011లో 'సీస్టాక్' అనే మొబైల్ పద్ధతి వచ్చింది. మామూలు ఫోన్‌తో పెట్టెలో ఏది ఎంత ఉందో ఎస్ఎంఎస్ పంపితే, కంప్యూటరే అవసరం లెక్కగట్టి ఆరోగ్య కేంద్రానికి సందేశం పంపుతుంది. వారు కట్టిపెట్టాక హెచ్ఎస్ఏకు కబురు వెళ్తుంది. ఉత్త చేతులతో సైకిలు తొక్కుకుంటూ తిరిగి వెళ్లే బాధ తప్పింది. కేంద్రంలోనే మందు లేకపోతే మాత్రం, లేదన్న వార్త ఇంతకుముందు కన్నా త్వరగా అందుతుంది.

ఇంకో చిక్కుముడి పైస్థాయిలో ఉంది. సాధారణ మందులు జిల్లా తన బడ్జెట్‌తో సెంట్రల్ మెడికల్ స్టోర్స్ ట్రస్ట్ దగ్గర కొంటుంది. మలేరియా, హెచ్‌ఐవి, క్షయ మందులు దాతల డబ్బుతో వేరే గిడ్డంగి, వేరే లారీ, వేరే ఫారం మీద వస్తాయి. 2013లో 'క్యాష్‌గేట్' పేరుతో ప్రభుత్వ ఖజానా దోపిడీ బయటపడ్డాక దాతలు బడ్జెట్‌కు నేరుగా డబ్బివ్వడం ఆపారు. దాంతో ఈ సమాంతర దారులు ఇంకా గట్టిపడ్డాయి. అందుకే ఒకే బీరువాలో ఎల్ఏ పెట్టెలు నిండుగా ఉండి, పక్కన గ్లవ్స్, సిరంజిలు, పారాసెటమాల్ ఖాళీగా ఉంటాయి. క్షయ మందులు ఏడాదంతా దొరుకుతాయి, బీపీ మాత్ర దొరకదు. రోగికి ఇదంతా ఒకే ఆసుపత్రి. ఎందుకిలా అని అడిగితే నర్సు దగ్గర చెప్పదగిన జవాబు ఉండదు.

## కాన్పుకు వచ్చినవారు పెరిగారు, పసికందులు దక్కలేదు

ఆసుపత్రిలో కాన్పులు 2004లో 57 శాతం, 2010లో 73, 2015–16లో 91. అదే సర్వేల్లో నెల లోపు శిశుమరణాలు ప్రతి వెయ్యికి 27, 31, 27. మలావీ ఆరోగ్య వ్యవస్థ గురించి ఒకే వరుస అంకెలు చూపమంటే చూపాల్సినవి ఇవే.

తల్లులను ఆసుపత్రికి రప్పించడానికి చాలా చేశారు. 2007లో మంత్రసానులను కాన్పులు చేయొద్దన్నారు, 2010లో అధ్యక్షుడే ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ ఊగిసలాట మధ్య గ్రామ పెద్దలు సొంత కట్టుబాట్లు పెట్టారు. ఇంట్లో కాన్పయితే మేకో, డబ్బో జరిమానా. దారిలోనే కాన్పయిన తల్లి జరిమానాకు భయపడి టీకాలకు కూడా రాకపోవడం దీని దుష్ఫలితం.

ఆసుపత్రుల పక్కనే 'వెయిటింగ్ హోమ్' కట్టారు. నెలలు నిండుతుండగా గర్భిణి వచ్చి అక్కడే ఉండి, నొప్పులు రాగానే లోపలికి నడిచి వెళ్తుంది. రాత్రిపూట కొండ దిగే ప్రమాదాన్ని తప్పించే ఉపాయం ఇది. తోడుగా తల్లో, అత్తో వస్తుంది, వారిని 'గార్డియన్' అంటారు. వంట గార్డియనే చేయాలి. తెచ్చుకోవాల్సిన సరంజామా ఇలా ఉంటుంది: కాన్పు బల్ల మీద పరచడానికి నల్ల ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, బేసిను, బిడ్డను చుట్టడానికి రెండు మూడు చితెంజే గుడ్డలు, కొవ్వొత్తి, మొక్కజొన్న పిండి. రుసుము లేదన్నది నిజమే. కానీ ఈ మూటకూ, రెండు మూడు వారాలు ఇద్దరు ఆడవాళ్లు పొలం వదిలి రావడానికీ అయ్యే ఖర్చు ఇంటిదే. వెయిటింగ్ హోమ్‌లో చోటు ఉన్నా ఖాళీగా కనబడేది పంటకాలంలో.

లోపలికి వచ్చాక ఏం దొరుకుతుంది? కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్‌ను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ టీకాల విభాగానిది, తాళం హెచ్ఎస్ఏ దగ్గర. రాత్రి అవసరానికి కొన్ని ఆంప్యూళ్లు ముందే తీసి ట్రేలో పెట్టుకుంటారు. వేడికి అవి రోజురోజుకీ బలం తగ్గుతాయి, చూడటానికి తేడా కనబడదు. ఆరోగ్య కేంద్రంలో సిజేరియన్, రక్తం ఎక్కించడం ఉండవు. కాబట్టి ప్రతి కష్టం కాన్పూ అంబులెన్సు మీద ఆధారపడింది.

అంబులెన్సు సాధారణంగా జిల్లా ఆసుపత్రి దగ్గర ఉంటుంది. ఆరోగ్య కేంద్రం 50 కిలోమీటర్ల దూరంలో ఉంటే బండి ఖాళీగా వెళ్లి రోగితో తిరిగి రావాలి, అంటే వంద కిలోమీటర్లు. కొండ దారిలో లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే ఒక పిలుపుకు 13 లీటర్ల డీజిలు. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం దాటని దారిలో రానూపోనూ కనీసం మూడు గంటల ఇరవై నిమిషాలు. తీవ్ర రక్తస్రావం రెండు గంటల్లో ప్రాణం తీయగలదు. మలావీలో విదేశీ మారకం కరవైనప్పుడల్లా బంకుల్లో ఇంధనం దొరకదు. దొరికినా జిల్లాకు నెలవారీ నిధుల విడుదల ఆలస్యమైతే అరువు పుట్టదు. ఒకే బండి శవాన్ని ఊరికి చేర్చడానికి, బోమా నుంచి టీకాలు మోయడానికి కూడా తిరుగుతుంది. ప్రసవ సమయంలో మరణించిన కేసుల సమీక్షల్లో 'ఆలస్యం' అన్న ఒక్క మాట వెనక ఈ లెక్కలన్నీ ఉంటాయి.

## కరెంటు తీగ చివర ఆక్సిజన్

బ్లాంటైర్ కేంద్ర ఆసుపత్రిలో ఊపిరాడని నవజాత శిశువులకు బబుల్ సీపాప్ అనే చవక పరికరం వాడి చూశారు. ముక్కు గొట్టాల ద్వారా గాలిని కొంచెం ఒత్తిడితో పంపి, గొట్టం రెండో కొసను నీళ్ల సీసాలో ముంచుతారు. నీటిలోతే ఒత్తిడిని నిర్ణయిస్తుంది. 2014లో వెలువడిన ఫలితాల్లో ఇది వాడిన పిల్లల్లో 71 శాతం బతికారు, ఆక్సిజన్ మాత్రమే ఇచ్చినవారిలో 44 శాతం. తర్వాత దాన్ని జిల్లా ఆసుపత్రులకు ఇచ్చారు.

జిల్లాలో ఈ పరికరం వెనక ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఉండాలి. అది గది గాలినుంచి నైట్రోజన్ తీసేసి ఆక్సిజన్ ఇచ్చే యంత్రం. కరెంటు పోయిన మరుక్షణం ఆగుతుంది. మలావీ కరెంటులో ఎక్కువ భాగం షైర్ నది మీద జలవిద్యుత్తు. 2022 జనవరిలో అనా తుపాను కపిచిరా విద్యుత్కేంద్రాన్ని దెబ్బతీయడంతో దాదాపు 130 మెగావాట్లు ఒక్కసారిగా పోయాయి. రోజువారీ కోతలు సరేసరి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగిసిపడి యంత్రం బోర్డు కాలుతుంది. గాలి వడపోత స్పాంజిని వారానికోసారి సబ్బునీళ్లలో కడగకపోతే కంప్రెసర్ వేడెక్కి ఆక్సిజన్ శాతం పడిపోతుంది, గొట్టంలోంచి గాలి మాత్రం వస్తూనే ఉంటుంది. చూసేవారికి యంత్రం పనిచేస్తున్నట్టే ఉంటుంది. విరాళంగా వచ్చిన యంత్రాలతో స్టెబిలైజరు, విడి స్పాంజిలు, కొలిచే మీటరు రావు. ఆసుపత్రి వెనక గదిలో పేరుకునే పాత యంత్రాల్లో చాలావాటికి తక్కువైంది అలాంటి చిన్న వస్తువే.

టీకాల ఫ్రిజ్ దీనికన్నా నయం. బ్యాటరీ లేకుండా పగటి సౌరశక్తితో లోపల మంచు గడ్డకట్టించి రాత్రి చల్లగా ఉంచే రకం వచ్చాక గ్యాసు సిలిండర్ల బాధ తగ్గింది. అక్కడ మిగిలిన చిక్కు వయల్ పరిమాణంలో ఉంది. బీసీజీ సీసాలో ఇరవై మోతాదులు, తెరిస్తే ఆరు గంటల్లో వాడాలి. ఇద్దరు బిడ్డలే వచ్చిన రోజు సీసా తెరవకుండా "వచ్చే వారం రండి" అంటారు. పదిహేను కిలోమీటర్లు నడిచి వచ్చిన తల్లి వచ్చే వారం రాదు. వృథాను లెక్కగట్టి మందలించేవారు ఉన్నారు, వెనుదిరిగిన తల్లిని లెక్కగట్టే గడి ఫారంలో లేదు.

## నెనోలో వేరుగా జరిగింది

2007లో ప్రభుత్వ ఆహ్వానంతో పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే అమెరికా సంస్థ నెనోకు వచ్చింది. స్థానిక పేరు అబ్వెంజి పా జా ఉమోయో. వేరే ఆసుపత్రి పెట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రులనే బాగుచేసి, అదే సిబ్బందితో కలిసి పనిచేయడం దాని పద్ధతి. వెయ్యికి పైగా ఊరి ఆరోగ్య కార్యకర్తలకు భత్యమిచ్చి, ఒక్కొక్కరికి 20 నుంచి 40 ఇళ్లు అప్పగించింది. రోగం వారీగా తిరగడం పోయి ఇంటి వారీగా తిరగడం వచ్చింది. హెచ్‌ఐవి, బీపీ, మధుమేహం, మూర్ఛ రోగులను ఒకే రోజు ఒకే గదిలో చూసే క్లినిక్ 2015లో మొదలైంది. హెచ్‌ఐవి కోసం కట్టిన నియమిత అపాయింట్‌మెంట్లు, తప్పినవారిని ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చే పద్ధతి బీపీ రోగికీ దక్కాయి.

నెనోను చూపించి 'మలావీ సాధించింది' అనడం సరికాదు. దేశంలోని 28 జిల్లాల్లో ఎక్కువవాటికి ఇలాంటి తోడు లేదు. నెనో చూపేది వేరే సంగతి. భవనాలు, నియమాలు, ఉద్యోగుల హోదాలు ప్రభుత్వానివే అయినా వాటి మధ్య ఖాళీలు పూడ్చడానికి అదనపు డబ్బు ఎక్కడెక్కడ పెట్టాల్సి వచ్చిందో అక్కడ స్పష్టంగా కనబడుతుంది: డీజిలు, మందుల గది గుమస్తా, ఊరి కార్యకర్త భత్యం, యంత్రం మరమ్మతు.

కలరా ఇదే విషయాన్ని కఠినంగా చెప్పింది. 2022 మార్చిలో మొదలైన వ్యాప్తిలో దేశమంతటా దాదాపు 59,000 కేసులు, 1,700కు పైగా మరణాలు. వందకు ముగ్గురు. సకాలంలో ఓఆర్ఎస్, సెలైన్ అందితే వందకు ఒకరు కూడా చనిపోకూడని రోగం ఇది.

## డబ్బు ఎవరిది

మలావీ ఆరోగ్య వ్యయంలో సగానికి పైగా చాలాకాలంగా బయటి దాతలది. 2001లో అబూజాలో ఆఫ్రికా దేశాలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామన్నాయి. మలావీ ఆ గీతకు దిగువనే ఉంటూ వచ్చింది. 2025 జనవరిలో అమెరికా సాయం చాలావరకు నిలిచిపోయింది, జూలై 1 నాటికి ఆ సాయాన్ని నడిపే యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది.

దీని ప్రభావం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భవనాలూ, ప్రభుత్వ జీతం మీద ఉన్న హెచ్ఎస్ఏలూ, క్లినికల్ ఆఫీసర్లూ అలాగే ఉంటారు. హెచ్‌ఐవి మాత్రలు అంతర్జాతీయ నిధి అయిన గ్లోబల్ ఫండ్ వంటి దారుల్లో కొంతకాలం వస్తాయి. ముందుగా పోయేది ప్రాజెక్టు జీతం మీద ఉన్నవారు: మందు తప్పిన రోగి ఇంటికి వెళ్లేవారు, నమూనాలను మోటారుసైకిలు మీద ప్రయోగశాలకు చేర్చేవారు, రిజిస్టర్లను కంప్యూటరుకెక్కించేవారు. మాత్ర ఉండి, వేసుకోవడం మానేసినవారెవరో తెలియని స్థితి ఇలా వస్తుంది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) నమూనా ఆరోగ్య కేంద్రంలోనే ఉండిపోతే, పుస్తకాల్లో ఆ రోగి ఇంకా బాగానే ఉన్నట్టు లెక్క.

ఆ పనులను ప్రభుత్వ సిబ్బందికి అప్పగించాలన్నది వినబడే పరిష్కారం. ఆరోగ్య శాఖ మంజూరు పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. అదే సమయంలో నర్సింగ్, క్లినికల్ కోర్సులు పూర్తిచేసి ఉద్యోగం లేనివారు దేశంలో ఉన్నారు. వారికి శిక్షణ కూడా చాలావరకు దాతల డబ్బుతోనే జరిగింది. నియామకానికి అడ్డం జీతాల పద్దు. ఒక నర్సును తీసుకుంటే ముప్పై ఏళ్ల ఖర్చు ఖజానా మీద పడుతుంది, ప్రాజెక్టు డబ్బు మూడు నుంచి అయిదేళ్లకే వస్తుంది. ఆ రెండు గడువులు కలిసేదాకా ఆరోగ్య కేంద్రంలో పగలూ రాత్రీ ఒకే నర్సు.